ఏకాంతవాసము – సెల్‌ఫోను

ఇల్లు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. ఏ పనికి ఏ తావు అన్న ఏర్పాటు కూడా. మన ప్రాంతపు పాత ఇండ్లలో వీధివైపు అరుగు, కలిగినవారి ఇండ్లలో అతిథులకు దివాన్‌ఖానా ఉండేవి. ఒంటరివాని అద్దెగదిలో సైతం ఈ విభజన చిన్న రూపంలో కనిపించేది: ఒక మూల స్టవ్వు, కిటికీ దగ్గర బల్ల, గోడవార మంచం, వచ్చినవారికి ఒక కుర్చీ.

1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలసిన మన జంటనగరంలో ఇట్టి గదులకు కొదువ లేదు. మేమును కొంతకాలం అట్టి గదిలో ఉన్నవారమే. నేడు మా విద్యార్థుల గదులకు వెళ్ళినప్పుడు ఒక మార్పు గమనిస్తున్నాము. మంచం కిటికీని విడిచి కరెంటు ప్లగ్గు చెంతకు జరిగింది. ఛార్జరు తీగ ఎంత దూరం సాగితే నివాసం అంతే! పాఠం, భోజనం, తల్లితో వీడియో ముచ్చట, నిద్ర – అన్నీ ఆ మంచం మీదనే. బల్ల బట్టలకు నెలవైంది. కుర్చీ అదృశ్యమైంది, అతిథి ఫోనులోనే వస్తున్నాడు గదా!

ఫోనును నిందించుట మా అభిమతం కాదు. దూరాన ఉన్న బిడ్డ ముఖం తల్లికి చూపేది అదే. రాత్రివేళ ఒంటరి విద్యార్థినికి ధైర్యమూ అదే. అయితే పూర్వం గది ఇరుకైనందున మనిషి బయటికి నడిచేవాడు. చాయ్ కోసం హోటలుకు, పత్రిక కోసం 1904లో స్థాపితమైన హనుమకొండ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయానికి వెళ్ళేవాడు. ఊరంతా అతని గదికి కొనసాగింపు. 2016లో డేటా చౌక అయిన పిమ్మట ఊరే గదిలోకి వచ్చింది. మనిషి మంచం దిగడం తగ్గింది.

ఉర్దూలో ‘ఖల్వత్’, ‘తన్హాయి’ అని రెండు మాటలున్నాయి. మొదటిది మనం కోరుకున్న ఏకాంతం. రెండవది మనకు తెలియకుండా కమ్ముకునే ఒంటరితనం. చదువుకు మొదటిది అవసరం. దానికి హద్దు లేనప్పుడు అదే రెండవదిగా మారుతుంది.

కనుక విద్యార్థులకు మా సూచన స్వల్పం. ఫోను ఛార్జింగు తలుపు దగ్గర పెట్టండి. మంచాన్ని తిరిగి కిటికీ వద్దకు జరపండి. బల్లను పుస్తకాలకు అప్పగించండి. రెండవ కుర్చీ ఒకటి తెచ్చుకోండి. అది పలుమార్లు ఖాళీగానే ఉండవచ్చు. అయినా తలుపు తట్టిన మిత్రునికి కూర్చునే చోటున్న గదియే ఇల్లు.