పాలు పడని బిడ్డకు పాయసం

(సభ్య సంఘాల అధ్యయన పాఠం)

పాడి రైతుల పత్రికలో పాలు లేని పాయసం గురించి వ్రాయడమేమిటని సభ్యులు ఆశ్చర్యపడవచ్చు. కాని రెండు పూటలా సంఘానికి పాలు పోసే ఇళ్ళలోనే పాలు పడని పిల్లలు ఉన్నారు. వారూ మన సంఘ కుటుంబాలవారే. పండుగనాడు వారి విస్తరిలో కూడా ఒక తీపి పదార్థం ఉండవలెను, అది వారికి హాని చేయనిదై ఉండవలెను. ఈ పాఠం అందుకొరకే.

మేము చేసిన పొరపాటు

2018లో ఒక సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళినపుడు సభ్యురాలొకరు తన రెండేళ్ళ మనుమడి సంగతి మాతో చెప్పారు. ఆవు పాలు త్రాగిన కొద్దిసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు. "పాడి ఉన్న ఇంట పుట్టి పాలు పడకపోవడమేమిటి, కోడలికి పెంపకం చేతకాదు అంటున్నారండీ" అని ఆమె కంటతడి పెట్టారు. మేము అంతా తెలిసినవారివలె "ఆవు పాలు పడకపోతే మేక పాలు పట్టి చూడండమ్మా" అన్నాము. పట్టారు. బిడ్డకు పెదవులు వాచి, ఊపిరి సలపక, అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకొని పోవలసి వచ్చింది. దైవవశాన బిడ్డ దక్కాడు. వెన్న శాతం కొలవడం నేర్చిన మాకు ఈ సంగతి తెలియదు. తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్నదే ఇక్కడ వ్రాస్తున్నాము.

రెండు వేర్వేరు బాధలు

"పాలు పడవు" అనే ఒక్క మాట క్రింద రెండు బాధలు ఉన్నాయి.

మొదటిది పాలచక్కెర అరగకపోవడం. పాలలో నూటికి సుమారు 5 వంతులు లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దానిని అరిగించే లాక్టేజ్ ప్రేగులలో తగ్గినవారికి కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. ఇది పెద్దలలో ఎక్కువ. బాధే కాని ప్రాణాపాయం కాదు. తోడుకొనేటపుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది గనుక వీరిలో చాలామందికి పెరుగు, మజ్జిగ సరిపడతాయి.

రెండవది అలర్జీ. పాలలోని కేసీన్, వే అనే మాంసకృత్తులను శరీరం శత్రువుగా ఎంచి తిరగబడుతుంది. ఎక్కువగా పసితనంలోనే బయటపడుతుంది. కొందరికి చెంచాడు పాలు కూడా ప్రమాదమే. కాచినంత మాత్రాన కేసీన్ పోదు. ఆవు, గేదె, మేక పాల మాంసకృత్తులకు దగ్గరి పోలిక ఉన్నందున ఒకటి పడనివారికి తక్కినవి కూడా చాలావరకు పడవు. మా సలహా తప్పినది ఇక్కడే. చాలామంది పిల్లలలో వయసుతో ఇది తగ్గిపోతుంది. తగ్గినదో లేదో వైద్యుడే తేల్చవలెను. ఇంట్లో కొద్దికొద్దిగా పెట్టి పరీక్షించరాదు.

నెయ్యి, గరిటె, మూకుడు

"పాలు వేయలేదు, నెయ్యి మాత్రమే వేశాము" అనడం పరిపాటి. నెయ్యి దాదాపు అంతా కొవ్వే అయినా అడుగున మిగిలే గోకుడులో పాల మాంసకృత్తులు ఉంటాయి, నేతిలోనూ లేశమాత్రం ఉండవచ్చును. అలర్జీ ఉన్న బిడ్డకు నెయ్యి కూడా మానవలెను.

క్యానును పైపైన కడిగితే మూత అంచున పాల జిడ్డు మిగిలిపోవడం మన కార్యదర్శులందరికీ తెలిసినదే. వంటింట్లో కూడా అంతే. బిడ్డకు చేసే తీపిని ముందుగా, శుభ్రంగా తోమిన గిన్నెలో చేసి మూత పెట్టి ఉంచి, ఆ తరువాతనే పాలు, నెయ్యి వాడే వంట మొదలుపెట్టవలెను. గరిటె వేరుగా ఉండవలెను. నేతి పిండివంటలు వేయించిన మూకుడులోని నూనె తిరిగి వాడరాదు.

కొబ్బరిపాల పరమాన్నం (ఆరుగురికి)

కావలసినవి: బియ్యం 1 గ్లాసు, బెల్లం తురుము ఒకటింబావు గ్లాసు, కొబ్బరికాయ 1, ఏలకులు 3, కొబ్బరినూనె 1 చెంచా.

కొబ్బరిలో గుప్పెడు చిన్న ముక్కలుగా తరిగి పక్కన ఉంచి, మిగిలినది తురిమి, గ్లాసు గోరువెచ్చని నీటితో రుబ్బి గుడ్డలో పిండితే చిక్కటి పాలు వస్తాయి. ఆ పిప్పినే మరొక గ్లాసు నీటితో రుబ్బి పిండితే పలుచటి పాలు వస్తాయి. కడిగిన బియ్యాన్ని 3 గ్లాసుల నీటిలో, పలుచటి పాలలో మెత్తగా ఉడికించవలెను. బెల్లం పడిన తరువాత బియ్యం ఉడకదు గనుక, మెతుకు నలిగి చూచిన పిమ్మటే, కరగించి వడకట్టిన బెల్లం పోయవలెను. దగ్గరపడిన తరువాత సెగ బాగా తగ్గించి చిక్కటి పాలు కలిపి వెంటనే దించవలెను. మరగనిస్తే కొబ్బరిపాలు విరుగుతాయి. కొబ్బరినూనెలో వేయించిన ముక్కలు, ఏలకుల పొడి చేర్చితే సరి.

బిడ్డకు జీడిపప్పు, వేరుశనగ, నువ్వులు, గోధుమ వంటివి కూడా పడకపోవచ్చును. అవి వేరే అలర్జీలు, విడిగా తెలుసుకొనవలెను. కొబ్బరి పడనివారికి నువ్వులద్దని అరిసెలు కొత్త నూనెలో వేయించి పెట్టవచ్చును. అందులో తడి బియ్యప్పిండి, బెల్లపు పాకమే గదా.

అంగడి సరుకు

2020 లేబులింగు నిబంధనల ప్రకారం, ప్యాకెట్టులోని ఆహారంలో పాలు, గోధుమ, గుడ్డు, చేప, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే ఆ మాట అట్టపై ముద్రించవలెను. పాలపొడి, వే, కేసినేట్ అని ఉన్నా పాలేనని గ్రహించవలెను. విడిగా తూచి అమ్మే మిఠాయిని నమ్మరాదు.

పోషణ, ప్రమాదం

కొబ్బరిపాలు రుచికే గాని పాలకు బదులు కావు. వాటిలో మాంసకృత్తులు, కాల్షియం తక్కువ. 100 గ్రాముల ఆవు పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, 100 గ్రాముల రాగులలో 300కు పైగా ఉంటుంది. రాగి జావ, పప్పు, ఆకుకూరలు తప్పక పెట్టవలెను. వైద్యుడు నిర్ధారించనిదే ఏ బిడ్డకూ పాలు మాన్పించరాదు. అదీ నష్టమే.

పెదవులు, నాలుక వాచినా, పిల్లికూతలు వచ్చినా, బిడ్డ సోలిపోయినా చిట్కాలతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను. దీనికి మందు ఎడ్రినలిన్ ఇంజెక్షను. ప్రతి నిమిషమూ విలువైనదే.

ఆ సభ్యురాలి ఇంట ఇప్పుడు ప్రతి పండుగకూ ముందుగా కొబ్బరిపాల పరమాన్నమే పొయ్యి మీదికి ఎక్కుతుంది. ఇంటిల్లిపాదీ అదే తింటారు. బిడ్డకు వేరే విస్తరి అన్న మాట లేదు. వారు సంఘానికి పోసే పాలు ఒక్క లీటరూ తగ్గలేదు.

సంఘ సమావేశంలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన సభ్యుల ఇళ్ళలో పాలు పడనివారు ఎందరు? వైద్యునికి చూపించినవారు ఎందరు?
2. సర్వసభ్య సమావేశంలో పంచే తీపిలో ఏమేమి వేసినదీ ముందుగా చెబుతున్నామా?
3. పాలు పడని బిడ్డ తల్లిని నిందించేవారికి మనం ఏమని చెప్పవలెను?