మందుచీటీ రాశాక మొదలయ్యే ఉద్యోగం

కృష్ణపట్నం, ముత్తుకూరు చుట్టుపక్కల ఇంటర్ పాసైన పిల్లలకు ఇంట్లోవాళ్లు చూపించే దారులు రెండే. బైపీసీ అయితే నీట్ లాంగ్ టర్మ్, లేదంటే పోర్టులో కొలువు దొరుకుతుందన్న ఆశతో ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా. రెండోదాని సంగతి అలా ఉంచితే, మొదటిది పిల్లల్ని నలిపేస్తోంది. ఒకసారి సీటు రాకపోతే రెండోసారి, అప్పటికీ రాకపోతే మూడోసారి లక్షలు పోసి హాస్టల్లో కూర్చోబెడుతున్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లకు తాను దేనికీ పనికిరానన్న భయం తప్ప ఆ గదుల్లో కొత్తగా అబ్బేది ఏమీ ఉండదు. వైద్యమంటే డాక్టరొక్కడే అన్న నమ్మకమే దీనంతటికీ మూలం. ఆ నమ్మకం ఎంత తప్పో తెలియాలంటే, తీవ్రమైన మానసిక జబ్బుతో యాభై, అరవై దాటినవాళ్ల వైపు ఒకసారి చూడాలి.

స్కిజోఫ్రెనియా లాంటి జబ్బుతో ఏళ్ల తరబడి ఆస్పత్రిలో ఉన్న మనిషికి మందు చేయగలిగేది సగమే. అనుమానాలు, చెవిలో వినిపించే మాటలు తగ్గుతాయి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలి? తల్లిదండ్రులు పోయి ఉంటారు. అన్నదమ్ములు మావల్ల కాదంటారు. ఆధార్ ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు, పైగా షుగరు, బీపీ. బజారుకెళ్లి కూరగాయలు కొనడం కూడా మరిచిపోయి ఉంటారు. ఇంటివాళ్లు రానివ్వడం లేదనో, ఇల్లు లేదనో మాత్రమే ఎవరినీ మానసిక వైద్యశాలలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. సమాజంలో కలిసి బతకడం వాళ్ల హక్కు అంటోంది. ఆ హక్కును కాగితం మీంచి ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లేది సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సు, ఆక్యుపేషనల్ థెరపిస్టు. బంధువుల ఆచూకీ తీసి వాళ్లతో మాట్లాడటం, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఇప్పించి పింఛనుకు దరఖాస్తు పెట్టించడం, వంట, బస్సు ప్రయాణం మళ్లీ అలవాటు చేయడం, మందు మానేస్తున్న లక్షణాలను ముందే పసిగట్టడం, ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే విద్యలు. వీటిని ‘సేవ’ అని మెచ్చుకుని పక్కన పెట్టేయడం అన్యాయం.

‘అంత ముదిరిన జబ్బు, ఆ వయసులో ఇంకేం బాగుపడతారు?’ అన్నది తరచూ వినిపించే మాట. దీనికి జవాబు 1987లోనే వచ్చింది. అమెరికాలోని వెర్మాంట్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, ఇక కోలుకోరని అనుకున్న 269 మందికి 1950ల్లో పునరావాసం కల్పించి బయటికి పంపారు. ఇరవై నుంచి పాతికేళ్ల తర్వాత పరిశోధకురాలు కోర్టెనే హార్డింగ్ బృందం వాళ్ల స్థితిని పరిశీలిస్తే, సగం నుంచి మూడింట రెండొంతుల మంది చెప్పుకోదగ్గంత మెరుగుపడటమో పూర్తిగా కోలుకోవడమో కనిపించింది. అంత దూరం ఎందుకు, కృష్ణపట్నం నుంచి కోస్తా వెంట దక్షిణానికి వెళ్తే వచ్చే చెన్నైలోనే 1993లో మొదలైన ‘ద బానియన్’ సంస్థ ఉంది. ఆస్పత్రుల్లో, ఆశ్రయాల్లో ఏళ్లు గడిపిన నలుగురైదుగురిని మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంచి, వెంట ఒక సహాయకురాలిని పెట్టే ‘హోమ్ అగైన్’ పద్ధతిని 2015 నుంచి నడుపుతోంది. తాళం చెవి వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఏం వండుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. ఇరుగుపొరుగుతో మాట కలుస్తుంది.

‘పిచ్చాసుపత్రి ఉద్యోగమంటే ఆడపిల్లకు సంబంధాలు వస్తాయా? ప్రమాదం కాదా?’ అని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. ఈ జబ్బున్నవాళ్లు ఇతరులను కొట్టడం కన్నా ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ. సంబంధాల భయంతో చదువు నిర్ణయించడం పిల్లకు చేసే మేలు కాదు. జీతం గురించిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు పోస్టులున్నా చాలాచోట్ల అవి కాంట్రాక్టువే. మొదట్లో జీతం తక్కువే. అందుకే ఈ చదువుకు అప్పు చేయొద్దు. డొనేషన్ అడిగే కాలేజీలో చేరనేవద్దు. డిగ్రీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ, దానిమీద సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ప్రత్యేక చదువు, లేదా బైపీసీతో బీఎస్సీ నర్సింగ్, ఆక్యుపేషనల్ థెరపీ, ఇవీ దారులు.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ‘మూడు నెలల్లో కౌన్సెలర్’ అని ఫోన్లో వచ్చే ప్రకటనలు. ఫీజు తీసుకుని ఒక సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆ కాగితంతో తీవ్రమైన జబ్బున్న మనిషి దగ్గర కూర్చుంటే ఇద్దరికీ నష్టమే. సైకియాట్రిక్ సోషల్ వర్క్, ఆక్యుపేషనల్ థెరపీ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చాయి. కోర్సుల నిబంధనలు కూడా మారుతున్నాయి. డబ్బు కట్టే ముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో అధికారిక వెబ్‌సైట్లో చూసుకోండి. నాకు అన్నిటికన్నా నచ్చే దారి నర్సింగే. వయసు పైబడిన రోగికి మనసుతో పాటు షుగరునూ గుండెనూ చూడగలిగేది నర్సే. ఈ రంగం కలిసిరాకపోయినా ఆ పట్టా వృథా పోదు.

జాలితో వచ్చేవాళ్లు ఇక్కడ ఏడాది నిలవరు. బలవంతంగా పంపితే అసలే నిలవరు. ఓపిగ్గా వినే పిల్ల, ఆఫీసుల చుట్టూ విసుగు లేకుండా తిరగగల పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, రెండో ఏడాది లాంగ్ టర్మ్ ఫీజు కట్టే ముందు ఒక్క వారం ఆగండి. మానసిక వైద్య విభాగంలో పనిచేసే నర్సుతోనో, సోషల్ వర్కర్‌తోనో ఒక పూట మాట్లాడించండి. ఆ తర్వాత ఏం చదువుతారో వాళ్లనే చెప్పనివ్వండి.