ముందు బొంత, తర్వాతే అద్దాలు

జనగామ

బిడ్డా,

సూదిపని నేర్పమని రాశావు, సంతోషం. కానీ మొదలే అద్దాల కుట్టు కావాలంటున్నావు. మహబూబాబాద్ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్ల అద్దాల పని, గవ్వల పని చూస్తే ఎవరికైనా మనసవుతుంది. అది చేతికి సూది అలవాటయ్యాక. ముందు బొంత కుట్టు.

బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు, ఉతికాక ముడుచుకుపోయి పక్క పొరను లాగుతుంది. ఏళ్లుగా కట్టి మెత్తబడ్డ నూలు చీరలే కావాలి. పాలియెస్టర్ చీర అసలే వద్దు, చెమట పీల్చదు. చిరుగులున్న పొరలు లోపలికి, గట్టివి పైకీ కిందికీ. నేల మీద పరిచి, ముడతలు తీసి, మూలల మీద బరువులు పెట్టి కచ్చా కుట్లు వెయ్యి. అసలు కుట్టు నడుమ నుంచి అంచులకు రావాలి. అంచుల నుంచి వస్తే గుడ్డంతా నడుమకు చేరి ఉబ్బుతుంది. కుట్టు బియ్యపు గింజంత ఉంటే చాలు. దారం మూర దాటితే చిక్కుపడుతుంది. చీర అంచులు పారేయకు, నాలుగు వైపులా పట్టీలకు అవే.

ఇక బట్ట ఎవరిదో తెలియడానికి పెట్టే గుర్తు సంగతి. చాకలివాళ్లు నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన చుక్కో గీతో పెట్టేవారు, ఇంటికో తీరు. సున్నం తగిలితే అది నల్లగా పట్టుకుని, బట్టలు ఉడికించే ఉబ్బలో వేసినా పోదు. (చర్మానికి తగిలితే పొక్కుతుంది, నువ్వు ముట్టుకోకు.) బడి మొహం చూడనివాళ్లు ఊరందరి బట్టలూ ఆ గుర్తులతోనే పోల్చుకునేవారు. నా లెక్కలో అదీ చదువే. దొరలు ఆ చేతులతోనే గడీల బట్టలు వెట్టికి ఉతికించుకున్నారు. మన పాలకుర్తి చిట్యాల ఐలమ్మ ఆ చాకలి కులపు మనిషే. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంట దక్కించుకుంది.

అమెరికాలో తొలినాళ్ల వలసవాళ్ల ఇళ్లలోనూ బట్టలకు ఇలా గుర్తు పెట్టేవారు, అది ఆడపిల్లల పని. దుప్పటి మూలన పేరులోని మొదటి అక్షరాలు, కింద ఓ అంకె, క్రాస్ కుట్టుతో. అంకె ఎందుకంటే, వరసగా వాడితే దుప్పట్లన్నీ సమానంగా అరుగుతాయి. ముందు వేరే గుడ్డ మీద అక్షరాలు కుట్టి నేర్చుకునేవారు. 1650ల నాటి లోరా స్టాండిష్ అనే అమ్మాయి కుట్టిన అలాంటి గుడ్డ ప్లిమత్ మ్యూజియంలో ఇంకా ఉంది.

బొంత కుడుతూనే, ఈసారి చేతిరుమాలు అంచు మడిచి కుట్టి, మూలన నీ పేరు మొదటి అక్షరం వేసి పంపు. వెనకవైపు కూడా చూస్తాను.

మీ అమ్మమ్మ