దినమునకొక జంతువు: తైలవర్ణ చిత్రలేఖన పాఠము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల విద్యార్థులకు జంతువుల కొఱత లేదు. బడికి వచ్చు త్రోవలోనే బఱ్ఱెలు, మేకలు, కోళ్లు, ఇంటికప్పులపై కోతులు, కరెంటు తీగెలపై కాకులు కానవచ్చును. అయినను చిత్రలేఖనపు గంటలో ఒక జంతువును గీయుడని చెప్పినంతనే పెక్కుమంది సింహమునో, ఏనుగునో గీయుదురు. అదియు పుస్తకపు అట్టమీద చూచినదియో, సెల్‌ఫోనులో చూచినదియో యై యుండును. ఇంటి వాకిట కట్టివేసిన మేక చెవి నిలిచియుండునా, వ్రాలియుండునా యని యడిగినచో ఒకరి ముఖమొకరు చూచుకొందురు. ఈ లోపమును తీర్చుటకు మాకు తోచిన యుపాయమొకటి కలదు. దినమునకొక చిన్న పలకమీద నూనెరంగులతో నొక జంతువును వేయవలెను. అది చూచువారికి నవ్వు పుట్టించునదిగా నుండవలెను.

నవ్వు పుట్టించుట యన నేమి? మేకకు కండ్లజోడు తగిలించినంతనే నవ్వు రాదు. అట్టి పని యెవరైనను చేయగలరు. మేకను కొంతసేపు నిదానించి చూడుడు. దాని కంటిపాప అడ్డముగా నుండును; నెమరు వేయునప్పుడు క్రింది దవడ ప్రక్కకు కదలుచుండును; గడ్డము దాని కనుగుణముగ నూగుచుండును. ఇతరుల తగవును వినుచు, తీర్పు చెప్పుటకు తొందరపడని ఊరిపెద్ద వలె కనబడును. ఆ దవడను, ఆ కంటిని సరిగా పట్టుకొన్నచో కండ్లజోడు లేకయే నవ్వు వచ్చును. పిదప కావలెనన్నచో పెట్టవచ్చును. అప్పు డది మేకకు అమరును.

జంతువులకు రంగులు పూయు విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కోరుట్లకు వాయవ్యముగ గోదావరి దాటి పోయినచో నిర్మలు పట్టణము వచ్చును. అక్కడి పనివారు తేలికయైన పొనికి కఱ్ఱతో జింకలను, పక్షులను, కాయలను, పండ్లను చేయుదురు. అవయవములను వేఱువేఱుగ చెక్కి అతికి, అతుకులు కనబడకుండ ఱంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపిన ముద్దను మెత్తుదురు; ఆరిన పిమ్మట నునుపు చేసి రంగులు వేయుదురు. పూర్వము చెట్లనుండియు మన్నునుండియు తీసిన రంగులను వాడిరి. తరువాతి కాలమున నూనెరంగులును, ఎనామెలు రంగులును వచ్చినవి. నిర్మలు జామపండును చూచి కొఱుకబోయిన పిల్లవానిని మేమెఱుగుదుము. ఆ పనివారు వస్తువును చూచినట్లు చేయుటయందు గట్టివారు.

చేర్యాల నకాషీవారి మార్గము వేఱు. సాలెవారు అధికముగాగల సిరిసిల్లలో భావనా ఋషి పేరు వినని వారుండరు. పద్మశాలీలు తమ మూలపురుషునిగా నెంచు ఆ ఋషికి వాహనము పులి. ఆ కులపురాణమును పాడి చెప్పువారు కూనపులివారు. వారి పేరులోనే పులి యున్నది! వారు ఊరూర తిరుగుచు, నకాషీవారు వ్రాసి యిచ్చిన పొడవైన గుడ్డపటమును విప్పి, ఒక్కొక్క బొమ్మను కఱ్ఱతో చూపుచు కథ నడిపెడివారు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 30 అడుగులకు మించినవియు కలవు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పలుమారులు పూసి, ఆరిన పిదప దానిపై ఎఱ్ఱని నేల వేయుదురు. నలుపునకు దీపపు మసి, తెలుపునకు శంఖముల పొడి. కుంచెకు ఉడుత వెండ్రుకలు. అనగా ఉడుతను గీయుటకును ఉడుతయే కావలెనన్నమాట.

ఈ పటములలోని పులిని చూచినవారికి భయము కలుగదు, ముచ్చట కలుగును. కన్ను పెద్దది, గీత నల్లనిది, మేను చదునైన రంగు. ఇట్లేల? రాత్రివేళ దీపపు వెలుతురులో, జనసమూహమున చివర కూర్చున్న ముసలివానికిని ఇది పులి, ఇది గుఱ్ఱము అని తెలియవలెను. వెలుగునీడల సూక్ష్మములు అక్కడికి చేరవు; గట్టి గీత చేరును. నకాషీవాడు పులి యెదుట కూర్చుండి గీచినవాడు కాడు. తండ్రి చేతిని చూచి, ఒకే పులిని వందలమారులు గీచి, కన్ను మూసికొన్నను తప్పిపోని గీతను సంపాదించినవాడు. చూపుచేత వచ్చు విద్య నిర్మలులో నున్నచో, చేయి తిరుగుటచేత వచ్చు విద్య చేర్యాలలో నున్నది. దినమునకొక చిత్రమను నియమము ఈ రెంటిని ఒకచోట చేర్చును.

ఇక్కడ నొక విచారకరమైన మాటయు చెప్పవలసియున్నది. సినిమా, టెలివిజను వచ్చిన పిదప పటము కథను పిలిపించువారు తగ్గిరి. పటమడుగువారు తగ్గినకొలది వ్రాయువారును తగ్గిరి. నేడు చేర్యాలలో కొలది కుటుంబములు మాత్రమే ఈ పనిని నిలుపుకొని, గోడకు తగిలించు చిన్న బొమ్మలను, ముఖములను చేసి జీవించుచున్నవి. వారి పులి చిన్నదైనది, కాని చావలేదు. చేతితో జంతువును గీయు అలవాటు ఒక ప్రాంతమున సన్నగిల్లుటకు పిల్లలు గీయకపోవుట యొక్కటే చాలును. దానికి శత్రువు లక్కఱలేదు.

వింత జంతువులచే పేరొందిన విదేశీయులును ముందుగ నిజమైన జంతువుల కొలువు చేసినవారే. ఎడ్వర్డు లియరు 1846లో ప్రచురించిన హాస్యపుస్తకముచే లోకమునకు తెలిసినవాడు. ఆయన గీచిన పక్షులు మనుష్యుల వలెను, మనుష్యులు పక్షుల వలెను నుందురు. అయితే 1830లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన లండను జంతుశాలలో ప్రాణముతోనున్న చిలుకలను కొలిచి, ఈక ఈకను పరిశీలించి గీయుట నారంభించెను. 1832 నాటికి ఆ చిత్రములు గ్రంథమైనవి. 1873 మొదలు 1875 వఱకు మన దేశమున సంచరించి చిత్రములు వేసెను. జర్మనీ దేశీయుడగు ఫ్రాంజ్ మార్క్ 1911లో నూనెరంగులతో పసుపుపచ్చని ఆవును వేసెను. ఆ యావు వెనుకకాళ్లు గాలిలోనికి విసరి, ఆనందముతో గంతులు వేయుచుండును. పచ్చని ఆవు ఎక్కడ నుండునని నవ్వబోవువారు ఒకటి తెలిసికొనవలెను: ఆయన కొంతకాలము జంతువుల శరీరనిర్మాణమును విద్యార్థులకు బోధించి జీవించినవాడు. ఎముక యెక్కడ నున్నదో తెలిసినవాడు గనుకనే ఆవును ఎగురవేయగలిగెను. మొదటి ప్రపంచయుద్ధమున 1916లో ఆయన మరణించెను. అప్పటికి వయస్సు 36 ఏండ్లు.

ఇక పని. నాలుగు రంగులు చాలును: తెలుపు, పసుపుమన్ను రంగు, కాల్చిన గోధుమరంగు, నీలము. నల్లరంగు గొట్టమును కొనవలదని మా సలహా. కారణము క్రింద చెప్పెదము. పలక పోస్టుకార్డంత యుండిన చాలును. 2004లో అమెరికాలో డ్యువేన్ కైసర్ అను చిత్రకారుడు అంతటి పలకలమీదనే దినమునకొక తైలచిత్రమును వేయుట మొదలిడెను. ఆయనను చూచి అనేకులు ఆ మార్గము పట్టిరి. దళసరి అట్టనైనను, పలుచని చెక్కనైనను తీసికొని, రెండు మూడు పూతలు జెస్సో పూయవలెను. ఇది లేనిచో నూనె అట్టలోనికి ఇంకి, కాలక్రమమున దానిని పెళుసు చేయును. నకాషీవారు చింతగింజలతో చేయునదియు ఇట్టి కాపే.

నూనెరంగు నీళ్లరంగు వలె ఆరదు. అందలి అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చికొని మెల్లమెల్లగా గట్టిపడును. తాకిన అంటుకొనకుండుటకు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. పిల్లలకు ఇది గొప్ప మేలు: తప్పిన ముక్కును గుడ్డతో తుడిచి మఱల పెట్టవచ్చును. ఒక పొరపై నింకొక పొర వేయదలచినచో క్రిందిది నూనె తక్కువగ, పైది నూనె ఎక్కువగ నుండవలెను. తలక్రిందైనచో పైపొర ముందుగ గట్టిపడి, పిదప క్రిందిది కదలగా బీటలువాఱును. ఒక్క కూర్చుండుటలో ముగించువారికి ఈ చిక్కు లేదు.

బఱ్ఱెతో మొదలుపెట్టుడు. మొదట పదినిమిషములు కుంచె పట్టక చూడవలెను. బఱ్ఱె నల్లనిదని అందఱు చెప్పుదురు. అది సగము నిజము. ఎండలో దాని వీపుమీద ఆకాశపు నీలము మెఱయును, కడుపు క్రింద నేలయొక్క గోధుమరంగు ప్రతిఫలించును, చెవిలోపల గులాబిచాయ యుండును. నీలమును కాల్చిన గోధుమరంగును కలిపినచో గొట్టపు నలుపుకన్న జీవముగల నలుపు వచ్చును. నీలము పెంచిన చలువగను, గోధుమ పెంచిన వేడిగను నుండును. చెఱువులో దిగిన బఱ్ఱె మఱింత అనుకూలము: నీటిపై కొమ్ములు, ముక్కుపుటములు, వీపు మాత్రమే కనబడును. ఆ వీపుపై తెల్లకొంగ నిలిచియుండును. ఇక వింత ఎంత దూరము? కొంగ మెడకు తోలుసంచి తగిలించుడు. బఱ్ఱె ఆర్టీసీ బస్సయినది, కొంగ కండక్టరైనది! తరువాతి దినము ఎక్కుటకు కప్పలు వేచియుండవచ్చును. ఈ వేళాకోళము నిలుచుటకు కారణము కొంగ నిజముగనే అట్లు ఒంటికాలిపై దర్జాగా నిలుచుటయే.

కాకిని వేయువారు మెడచుట్టు నున్న బూడిదరంగును మఱువరాదు. ఉడుత వీపుపై చారలు ఎన్నియో లెక్కించి వేయవలెను. కోతి విషయమున జాగ్రత్త. అది మీ పలకను పట్టుకొనిపోగలదు.

పదియవ దినము ప్రాంతమున విసుగు వచ్చును. మొదటి ఉత్సాహము తీఱును, చేయి యింకను లొంగదు, మేక కుక్కవలె తయారగును. అప్పుడు జంతువును మార్చుటకంటె అదే మేకను వేఱొక వైపునుండి వేయుట మేలని మా యభిప్రాయము. నాకు బొమ్మ రాదని చెప్పు విద్యార్థులలో అధికులు ఈ పదియవ దినమునకు ముందే విడిచినవారు.

తల్లిదండ్రులు పరీక్షల మాట యెత్తుదురు, అది న్యాయమే. అరగంటకు మించి మేమడుగుట లేదు, పదవ తరగతివారు వారమునకు రెండు దినములు చేసినను చాలును. అయితే కుంచెలు, గుడ్డలు పెద్దలు గమనింపవలెను. టర్పెంటైనును కిటికీలు తెఱచిన గదిలోనే వాడవలెను. కుంచెను నోట పెట్టరాదు. చిన్నపిల్లల తరగతిలో టర్పెంటైను మాని, కుంచెలను వంటనూనెతో తుడిచి సబ్బుతో కడుగుట మంచిది. అవిసెనూనె అంటిన గుడ్డపేలికలను ఉండచుట్టి మూలకు విసరరాదు. నూనె ప్రాణవాయువును పీల్చునపుడు వేడి పుట్టును. కుప్పలో ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకయే మంట అంటుకొనును. దండెముమీద విడివిడిగ ఆరవేసి, పిదప పాఱవేయవలెను.

పలక వెనుక తేదీ, ఊరు, జంతువు కనబడిన చోటు పెన్సిలుతో వ్రాయుడు: "మేక, కోరుట్ల, మా వాకిలి" అన్న చాలును. నెల ముగిసిన పిదప ముప్పది పలకలను వరుసగ గోడకానించి, తమ్ములను చెల్లెండ్రను పిలిచి ఏ జంతువుకు నవ్విరో గుర్తించుకొనుడు. వారు పొగడుట యెఱుగరు గనుక వారి తీర్పు నమ్మదగినది. వార్నిషు మాత్రము ఆఱుమాసములు గడచువఱకు పూయవలదు.