బూజు విషం నుంచి క్యాన్సర్ పరిశోధన దాకా

నీట్‌లో సీటు రాక బీఎస్సీలో చేరి, "దీంతో ఏమవుతాం?" అని దిగులుపడే బైపీసీ పిల్లలు కన్నెగంటి తిరుమలాదేవి గారు నడిచిన దారిని ఒకసారి చూడాలి. ఆమెది కొత్తగూడెం. అక్కడి సింగరేణి మహిళా కళాశాలలో బీఎస్సీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. 2007లో అమెరికాలోని మెంఫిస్‌లో, పిల్లల క్యాన్సర్ చికిత్సకు పేరొందిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో చేరి సొంత ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ల్యాబ్ పెట్టారు.

మొదటి నుంచీ ఇమ్యునాలజీయే చదివి ఉంటారనుకుంటే పొరపాటు. ఆమె తొలి పరిశోధన బూజు విషాల మీద. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో కలిసి ఎండుమిర్చి, మిరియాలు, ధనియాలు, పసుపులో ఆక్రటాక్సిన్ అనే విషాన్ని కొలిచారు. ఆ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఆక్రటాక్సిన్ మరీ చిన్న అణువు. దాన్నొక్కదాన్నే ఎక్కిస్తే జంతువు శరీరం పట్టించుకోదు. అందుకని ఒక పెద్ద ప్రొటీన్‌కు అతికించి కుందేలుకు ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని వారాలకు దాని రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. వాటితో 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో ఎలైజా పరీక్ష చేస్తారు. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది: మిర్చిలో విషం ఎక్కువయ్యే కొద్దీ గుంటలో రంగు తగ్గుతుంది. పేరుకు పంటల పరిశోధనే అయినా, చేతికి అలవాటైంది ఇమ్యునాలజీ పనిముట్టు.

తర్వాత ఒహాయోలో బంగాళాదుంప తెగులు మీద పనిచేశారు. తెగులు జీవి వదిలే ప్రొటీన్లకు మొక్క కణాలు ఎలా చచ్చిపోతాయన్నది అక్కడి ప్రశ్న. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ నూన్యెజ్ ల్యాబ్‌కు వెళ్లాక మొక్కలు పోయి ఎలుకలు వచ్చాయి. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ ద్వారా కణంలో ఇన్‌ఫ్లమేషన్‌ను రాజేస్తుందని 2006లో 'నేచర్'లో ప్రచురించారు.

సెయింట్ జూడ్‌లో మళ్లీ కణ మరణమే ఆమె ప్రధానాంశం. పాఠ్యపుస్తకాలు విడివిడిగా చెప్పే మూడు రకాల కణ మరణాలు నిజానికి ఒకదానితో ఒకటి ముడిపడి నడుస్తాయని చూపి, దానికి పానాప్టోసిస్ అని పేరు పెట్టారు. కోవిడ్ వచ్చినప్పుడు ఈ పునాది అక్కరకొచ్చింది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు సంకేత ప్రొటీన్లు కలిస్తేనే కణాలు ఇలా విపరీతంగా చచ్చిపోతాయని, ఆ రెండింటినీ అడ్డుకుంటే కోవిడ్ సోకిన ఎలుకలు బతికాయని 2021లో 'సెల్' పత్రికలో వివరించారు. క్యాన్సర్ సంగతి ఇంకా ఆసక్తికరం. చొరబడిన సూక్ష్మజీవుల డీఎన్‌ఏను పసిగట్టే ఎయిమ్2 ప్రొటీన్ లేని ఎలుకల్లో పెద్దపేగు కణుతులు పెరిగాయని 2015లోనే ఈ ల్యాబ్ చూపింది. అంటే ఇన్ఫెక్షన్‌ను పసిగట్టే ప్రొటీన్ వెంట వెళితే క్యాన్సర్ ఎదురైంది. ఈ రంగంలో ఇది మామూలే. ఇరవై ఏళ్లకే "నాది క్యాన్సర్ స్పెషలైజేషన్" అని గిరి గీసుకోవాల్సిన పని లేదని నేననేది అందుకే.

ఇక మన దగ్గరి దారులు. బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసినవాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షతో వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ పరిశోధనలోకి ప్రధాన ద్వారం. 2023 నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు రూ.37,000, రెండేళ్లు దాటాక రూ.42,000, ఆపైన ఇంటద్దె భత్యం. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలు, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇంటర్ తర్వాతే పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే తిరుపతి ఐసర్ ఉంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, పోస్ట్‌డాక్‌కు మరికొన్నేళ్లు పడతాయని ఇంట్లో ముందే చెప్పుకోండి. ముప్పై దాటినా ఫెలోషిప్ మీదే బతకాల్సి రావచ్చు. దీన్ని దాచిపెట్టి ఆశ చూపించే కోచింగ్ ప్రకటనలంటే నాకు పడదు. అంతకాలం ఆగలేనివారికి ఎమ్మెస్సీతోనే టీకా కంపెనీల నాణ్యతా విభాగాల్లో ఉద్యోగాలున్నాయి, అవీ గౌరవమైనవే.

మార్కుల కంటే ముందు ల్యాబ్ అనుభవం సంపాదించండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. లేదా మీకు నచ్చిన ల్యాబ్ ప్రచురించిన పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు అంతుపట్టని విషయం గురించి నాలుగు వాక్యాల్లో ఆ ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాయండి. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే ఎవరూ జవాబివ్వరు. ఫైనలియర్ దాకా ఆగకుండా ఈ సెలవుల్లోనే రాయండి.