పెంపుడు కుక్క – మితాహారము

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట గోదావరి డెల్టా అన్నపూర్ణగా పేరొందినది. ఇచ్చటి లోగిళ్లలో పెంపుడు కుక్కకు సైతము నెయ్యన్నము, పండుగనాడు పూతరేకు లభించుట కద్దు. ఆ ఆదరమే దాని ఆయువును హరింపగలదు.

అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జీవితాంతము పరిశీలించి, 2002లో ఫలితములు ప్రకటించిరి. జతలోని తోటి కుక్కకంటె నాలుగవ వంతు తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయువు 13 ఏండ్లు, తక్కినవాటిది 11.2 ఏండ్లు.

నిమిరినపుడు ప్రక్కటెముకలు చేతికి తగలకున్నచో కుక్క లావెక్కినదని గ్రహింపవలెను. థైరాయిడ్ లోపము వలనను బరువు పెరుగవచ్చును గనుక ముందుగా పశువైద్యునికి చూపవలెను. పిమ్మట ఆయన చెప్పిన మేరకు దినమంతటి ఆహారమును కొలిచి, రెండు పూటలుగా పెట్టవలెను. నెయ్యి, మిఠాయి, వేపుడు మానవలెను. అన్నము కొంత తగ్గించి, ఉడికించిన గుమ్మడి, బీన్స్ చేర్చవచ్చును. ఉల్లి, ద్రాక్ష కుక్కకు విషము; పెట్టరాదు. పస్తుంచుటయు తగదు. వారమునకు శరీరపు బరువులో నూటికి ఒక వంతు తగ్గిన చాలును. 20 కిలోల కుక్క వారమునకు 200 గ్రాములు తగ్గినచో, 20 వారములలో 4 కిలోలు తగ్గును.

ఇంటిల్లిపాదియు ఒక్క మాటపై నిలువనిదే ఇది సాధ్యము కాదు. ఒకరు కొలిచి పెట్టగా, వేరొకరు చాటుగా ముద్ద వేసినచో శ్రమ వృథా. చాలునని కుక్క అనలేదు. ఆ మాట మనమే అనవలెను.