హాలీ నోటుకు ధర కట్టేదెలా?

ఖమ్మం మార్కెట్‌లో మిర్చి బస్తా విప్పగానే తాలు ఎంత, తేమ ఎంత అని చూస్తారు. పాత నోటు బేరానికి వచ్చినపుడు కూడా వర్తకుడు అదే కన్నుతో చూడవలసి వుంటుంది.

ఈ సరిహద్దున ఒకప్పుడు రెండు డబ్బులు నడిచాయి. ఖమ్మం నిజాం రాజ్యంలోది గనుక ఇక్కడ ఉస్మానియా సిక్కా, అనగా హాలీ. గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోది గనుక అక్కడ కల్దారు. 1950లో 7 హాలీ రూపాయలకు 6 ఇండియా రూపాయలు మారకం. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసినది 1959లోనే. అందుచేత పాత వర్తకుల ఇళ్లలో రెండు రకాల నోట్లూ ఒకే పెట్టెలో దొరకవచ్చు. హాలీ నోటుపై ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కనిపిస్తాయి.

హాలీ నోట్లు 1918 నుంచి వెలువడ్డాయి. ఇప్పుడు వీటికి చలామణీ విలువ లేదు. కొనే సేకర్త లేకపోతే అది వట్టి కాగితమే. పాతదైనంత మాత్రాన ధర రాదు. రూపాయి నోట్లు సాపేక్షంగా దొరుకుతాయి. 1000 రూపాయల నోటు బహు అరుదు.

తర్వాత చూడవలసినది సంతకం. ఒకే విలువ గల నోటుపై ఆర్థిక మంత్రి మారితే ధర మారుతుంది. పిమ్మట పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయిన గులాం మొహమ్మద్ సంతకంతో హాలీ నోట్లున్నాయి. వాటిపై ఆసక్తి హైదరాబాదుకే పరిమితం కాదు.

అయితే బేరం తెగ్గొట్టేది సరుకు నాణ్యతే. మడతలు, గుండుసూది రంధ్రాలు, తుప్పు మరక, చెద తిన్న అంచు, వీటిలో ఒక్కొక్కటీ ధరను కోస్తుంది. మురికి పోగొడదామని ఉతికి ఇస్త్రీ చేస్తే ఇక చెప్పనక్కరలేదు: కాగితం బిగువు పోతుంది, తెలిసినవాడు వేలితో తాకి పసిగడతాడు. చిరిగినచోట అంటించిన టేపు చిరుగు కన్నా ఎక్కువ నష్టం.

దీనికి ఒక వింత మినహాయింపు వుంది. 1922లో ఫ్రాన్స్ తీరాన మునిగిన ‘ఈజిప్ట్’ నౌకలో హైదరాబాదుకు రావలసిన నోట్లు వున్నాయి. తర్వాత సముద్రం నుంచి తీసిన ఆ నోట్లు నీట నానినవే అయినా, ఆ కథ వల్లనే వాటికి గిరాకీ. ఇంట్లో వాన నీటికి తడిసిన నోటుకు ఈ లెక్క వర్తించదు.

అడిగిన ధరకూ తెగిన ధరకూ గల తేడా వర్తకులకు కొత్త కాదు. అదే సంతకం, అదే నాణ్యత గల నోటు వేలంలో ఎంతకు పోయిందో విచారించి, ఇద్దరు వ్యాపారులకు చూపిన తర్వాతనే నోటు చేయి మార్చడం మేలు.